స్మార్ట్ వాచీల సమీక్షలు - భావనిర్ణయము

ముంజేతికి ధరించెడి స్మార్ట్ వాచీలు నేడు కాలమునే గాక అడుగుల సంఖ్యను, నాడి వేగమును, నిద్రాకాలమును గూడ తెలుపుచున్నవి. వానిని కొన్నవారు తమ అభిప్రాయములను సమీక్షల రూపమున వ్రాయుచున్నారు. వేలకొలది సమీక్షలను ఒక్కరు చదువుట దుస్సాధ్యము గనుక, అందలి మెప్పును, ఆక్షేపణను కంప్యూటరుచే గుర్తింపజేయు శాస్త్రమొకటి వృద్ధి చెందినది. దీనిని భావవిశ్లేషణ మందురు. ఇది గణితజ్ఞుల పని యని తెలుగు శాఖలు ఉపేక్షింపరాదు. ఇందలి ప్రధానసమస్య భాషాసమస్యయే యని చూపుట ఈ వ్యాసోద్దేశము.

2002లో పాంగ్, లీ, వైద్యనాథన్ అను పరిశోధకులు 700 అనుకూల, 700 ప్రతికూల ఆంగ్ల చలనచిత్ర సమీక్షలను పరిశీలించిరి. ఇద్దరు విద్యార్థులు ఊహించి కూర్చిన మంచి చెడు పదముల పట్టికలు నూటికి 58, 64 వంతున మాత్రమే సరియైన నిర్ణయము నీయగా, ఉదాహరణములనుండి యంత్రము నేర్చిన పద్ధతి 82.9 వరకు ఇచ్చినది. ఆంగ్లమున వ్యతిరేకార్థక పదము సాధారణముగా విడిగా నుండును. కావున వారు ఆ పదము మొదలు తరువాతి విరామచిహ్నము వరకు గల పదములకు ఒక గుర్తును చేర్చిరి.

తెలుగున ఈ యుపాయము సాగదు. ‘నాడి సరిగ్గా చూపదు’ అను వాక్యమున వ్యతిరేకార్థము క్రియలోనే యిమిడి, వాక్యాంతమున వచ్చుచున్నది. ‘సరిగ్గా’ అను పదమును మాత్రము లెక్కించిన యంత్రము దీనిని మెప్పుగా భ్రమించును. ‘పర్వాలేదు’ అనుదానిలో ‘లేదు’ ఉన్నను అది నింద కాదు, మితమైన మెప్పు. ‘కూర్చున్నవాడికి వెయ్యి అడుగులు లెక్కించింది, ఎంత గొప్ప వాచీ!’ అనుచోట ‘గొప్ప’ అనునది ఎత్తిపొడుపు.

వేరొక చిక్కు కలదు. ‘ధర తక్కువ’ యన్నచో మెప్పు. ‘ఛార్జింగు నిలిచేది తక్కువ’ యన్నచో ఆక్షేపణ. పదమొక్కటే, విషయము వేరు. అందువలన 2004లో హూ, ల్యూ అనువారు వస్తువుయొక్క ఒక్కొక్క అంశమును విడదీసి, దానిపై గల అభిప్రాయమును నిర్ణయించు మార్గమును ప్రతిపాదించిరి.

స్మార్ట్ వాచీ విషయమున ఈ విభజన అత్యావశ్యకము. పలు వాచీలు చర్మముపై పచ్చని కాంతిని ప్రసరింపజేసి, మరలివచ్చు కాంతిలోని మార్పులనుబట్టి నాడిని గణించును. మణికట్టుపై పచ్చబొట్టున్నచో ఆ రంగు కాంతిని అడ్డగింపవచ్చును. పదిమంది పట్టీ సొగసును మెచ్చి, ఒక్కరు నాడి తప్పుచున్నదని వ్రాసిరనుకొందము. సగటున ఆ వాచీ ఉత్తమమనియే తేలును. ఆ యొక్కరి మాట మరుగుపడుటచే నష్టపోవువారు అట్టి చేయి గల మరియొకరు.

తెలుగున ఈ కృషి ఆరంభమైనది. 2010లో భారతీయ భాషలకై కూర్చిన పదభావకోశములలో తెలుగును చేరినది. 2018లో హైదరాబాదునందలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వస్తువుల, గ్రంథముల, చలనచిత్రముల సమీక్షలు గల ‘సెంటిరామ’ సంకలనమును ప్రకటించిరి. ఇక మన విద్యార్థులు చేయదగిన పని స్పష్టము. వ్యతిరేక క్రియారూపములను, ‘ఏ’, ‘ఐనా’ వంటి అవధారణలను, ఎత్తిపొడుపు పలుకుబళ్లను, రోమను లిపిలో వ్రాసెడి తెలుగును సేకరింపవలెను. ప్రతి సమీక్షను ఇద్దరు విడివిడిగా చదివి భావమును నిర్ణయింపవలెను. వారి నిర్ణయములు భేదించినచోట కారణమును వ్రాయవలెను. వ్యాకరణము తెలిసినవారు నేర్పనిచో యంత్రము మాటను లెక్కించునే గాని మనసును గ్రహింపదు.