వరుస చెప్పే పట్టిక

బరంపురంలో ఒక గ్రంథాలయం రచయితల పేర్లన్నీ ఒకే జాబితాలో ఎక్కించిందనుకుందాం, తెలుగువి తెలుగు లిపిలో, ఒడియావి ఒడియా లిపిలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలోని ఊరు కాబట్టి ఇలాంటి జాబితా సహజమే. అకారాది క్రమంలో పేర్చమంటే కంప్యూటర్ ఒడియా ‘హరి’ని ముందు పెట్టి, తెలుగు ‘అప్పారావు’ను తర్వాత పెట్టవచ్చు. పాఠకుడు మొదటి పేజీలో వెతికి, పుస్తకం లేదనుకుని వెళ్లిపోతాడు.

కారణం అక్షరాలకు కంప్యూటర్ వాడే సంఖ్యల్లో ఉంది. యూనికోడ్‌లో ఒడియా కకారం 2837, తెలుగు కకారం 3093. తేడా 256. గకారానికీ అంతే, మకారానికీ అంతే. ప్రధాన భారతీయ లిపులకు ఒకే అమరిక ఇచ్చిన ఇస్కీ ప్రమాణాన్ని 1991లో యూనికోడ్ అనుసరించడం వల్ల వచ్చిన పొందిక ఇది. కేవలం సంఖ్యలను బట్టి పేరిస్తే ఒడియా అంతా అయ్యాకే తెలుగు మొదలవుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ‘సీ’ లొకేల్ (లొకేల్ అంటే భాషను బట్టి పెట్టే నియమాల అమరిక) చేసే పని అదే.

మరి మన డేటాబేస్‌లో ఏ లొకేల్ ఉందో తెలిసేదెలా? దాన్నే అడగాలి. పట్టికల డేటాబేస్‌ను 1970లో ప్రతిపాదించిన ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్, 1985లో దానికి కొన్ని నియమాలు రాశారు. డేటాబేస్ తన సొంత వివరాలనూ పట్టికల్లోనే ఉంచాలి, వాటినీ అదే ప్రశ్నల భాషలో చదవగలగాలి అన్నది అందులో ఒకటి. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ_డేటాబేస్’ పట్టిక మీద ‘సెలెక్ట్’ అనే ప్రశ్న వేస్తే ఒక్కో డేటాబేస్‌కు ఒక్కో వరుస కనిపిస్తుంది. ‘డాట్‌కొలేట్’ గడిలో పేర్చే క్రమం, ‘డాట్‌సీటైప్’ గడిలో అక్షరాల వర్గీకరణ ఉంటాయి. మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్‌లో ఈ వివరాలు ‘ఎన్‌ఎల్‌ఎస్_డేటాబేస్_పారామీటర్స్’లో దొరుకుతాయి.

పేర్చే క్రమాన్ని ఎంచుకునే సౌకర్యం మెల్లగా ఎదిగింది. మొదట్లో పోస్ట్‌గ్రెస్ సర్వర్ మొత్తానికి ఒకటే క్రమం. 2009లో 8.4 వెర్షన్ డేటాబేస్‌కొక క్రమం ఇచ్చింది. 2011లో 9.1 కాలమ్‌కొకటి ఇచ్చింది. 2017లో 10వ వెర్షన్‌తో, వివిధ భాషల క్రమాలు తెలిసిన ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ నియమాలు వచ్చి చేరాయి.

గంజాం లాంటి రెండు భాషల నేలకు కాలమ్‌కొక క్రమం పెద్ద వరం. తెలుగు పేర్లకొక కాలమ్, ఒడియా పేర్లకొక కాలమ్ పెట్టి, దేనికి దాని భాష క్రమాన్ని కేటాయించవచ్చు. డేటాబేస్ మొత్తానికి పెట్టిన క్రమాన్ని మాత్రం తర్వాత సులువుగా మార్చలేం. కొత్తది సృష్టించి, సమాచారమంతా మళ్లీ ఎక్కించాలి. అందుకని మొదటి పేరు ఎక్కించక ముందే ‘పీజీ_డేటాబేస్’ మీద ఆ ఒక్క సెలెక్ట్ వేసి చూడటం ప్రతి గ్రంథాలయం, ప్రతి కార్యాలయం అలవాటు చేసుకోవాలి.