డ్రిల్లు మాస్టరు రహీం సాహెబు

మన పాఠశాలలలో డ్రిల్లు మాస్టరనిన ఒకింత చులకన. లెక్కల మేష్టరు రానినాడు పిల్లలను ఆటస్థలమునకు తోలుకొనిపోవుటయు, జెండా పండుగనాడు వరుసలు కట్టించుటయు తప్ప ఆయనకు వేరు పని లేదని పెద్దల తలంపు. చేవెళ్ల ప్రాంతమందలి ఆలూరువంటి యూరిలో సాయంకాలము బంతి వెంట పరుగిడు కొడుకును చూచి, వీనికి చదువబ్బదని నిట్టూర్చు తండ్రి నేటికిని కలడు. ఆ యూరికి దగ్గరనే యున్న హైదరాబాదు నగరమున, బడిపంతులుగా జీవితము నారంభించిన యొకరు భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును రెండుమారులు ఆసియాలో ప్రథమ స్థానమున నిలిపిరి. వారే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రు వారిని రహీం సాహెబని పిలిచెడివారు.

వారు 1909వ సంవత్సరము ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. అచటి జట్టులో ఫుట్‌బాల్ ఆడినవారు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని చాదర్‌ఘాట్ హైస్కూలు వరకు నగరమందలి పలు పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటల బాధ్యతను చేపట్టిరి. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా కూడ నుండిరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ వారి చేతికి వచ్చెను. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే.

ఈ విజయములకు మూలమేమి? పోలీసు శాఖ పోషణ కొంత, నగరమందు ఆటపైగల మక్కువ కొంత. అయితే అసలు రహస్యము బడిపంతులు పద్ధతిలో నున్నదని నా యభిప్రాయము. అక్షరములు రాని పిల్లవానికి కావ్యము చెప్పరు గదా! అట్లే రహీంగారు ఆటను ముక్కలు చేసి నేర్పిరి. కుడికాలి వాటము గల బాలుడు ఎడమవైపునకు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకొనులోపల ప్రత్యర్థి మీదికి వచ్చును. అందుచేత వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతో వారు పోటీలు పెట్టిరి. బంతిని తనయొద్దనే యుంచుకొని అందరిని తప్పించుకొనిపోవలెనను మోజు కుర్రవాండ్రకు సహజము. దానికి విరుగుడుగా, ఎదుటివానిని ఏమార్చుచు బంతిని నడపుట నిషేధించిన పోటీలు జరిపిరి. బంతి చేరిన వెంటనే తోటివానికి అందింపవలసినదే. మనిషి ఎంత వేగముగా పరుగెత్తినను బంతి వేగమునకు సరిరాడని యీ నియమము వలన పిల్లలు తమంతటనే గ్రహింతురు.

పొట్టి పిల్లలకు ప్రత్యేకముగా పోటీలు జరుపుట వీనిలో నాకు మిక్కిలి నచ్చినది. పండ్రెండేండ్ల ప్రాయమున ఒకడు తాటిచెట్టువలె ఎదుగును, మరియొకడు అట్లే యుండును. ఇరువురిని ఒకే జట్టులో దింపినచో ఆ రెండవవానికి బంతియే దొరకదు. వాడు తన నేర్పు చూపకమున్నే ఆట మానివేయును. అట్టివానికొక చోటు కల్పించుట అనుభవముగల ఉపాధ్యాయునకే తోచును.

ఇట్టి ఉపాధ్యాయులు లోకమున మరికొందరు కలరు. ఐర్లండు దేశీయుడు, పాట్రీషియన్ కాథలిక్ సభకు చెందిన బ్రదర్ కోల్మ్ ఓకానెల్ 1976లో కెన్యాలోని ఇటెన్ అను కొండయూరికి, సెయింట్ పాట్రిక్ హైస్కూలున భూగోళశాస్త్రము బోధించుటకు వచ్చెను. పరుగు పందెముల శిక్షణలో ఆయనకు చదువేమియు లేదు. పిల్లలను గమనించుచు నేర్చుకొనెను. ఆయన శిష్యుడు డేవిడ్ రుడిషా 2012లో లండన్ ఒలింపిక్సున 800 మీటర్లను 1 నిమిషము 40.91 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఒకరు మిషనరీ బ్రదరు, మరియొకరు హైదరాబాదు పంతులు. ఇద్దరిదీ పిల్లల కాళ్లను ఓపికతో చూచిన చూపే.

ఇక దేశపు జట్టు సంగతి. 1951లో ఢిల్లీయందు జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరానుపై 1-0 గెలిచి రహీంగారి జట్టు స్వర్ణము పొందెను. మరుసటి యేడు హెల్సింకీలో గర్వభంగము: యుగోస్లావియా చేతిలో 10-1. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, మన జట్టు నాలుగవ స్థానమందుకొనెను. నెవిల్ డిసౌజా ఆ యాటలో మూడు గోలులు చేసెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. అతని నేర్పును మొదట పసిగట్టినది రహీంగారే. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచెడి 4-2-4 వ్యూహమును మన జట్టునకు అలవరచిన ఘనతయు వారిదే.

1962లో జకార్తాకు వెళ్లునాటికి వారిని ఊపిరితిత్తుల క్యాన్సరు పీడించుచుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. వెనుక వరుసలోని జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీంగారు అతనిని కూర్చుండబెట్టక, ముందు వరుసకు మార్చిరి! సెమీఫైనలున అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4న ఫైనలులో మరల దక్షిణ కొరియాయే. ఇజ్రాయెలు, తైవానులను క్రీడలకు రానీయని వివాదములో భారత ప్రతినిధి అభ్యంతరము చెప్పినందున, స్టేడియము నిండిన జనము మనవారిని గేలిచేయుచుండెను. ఆ హోరులోనే పి.కె. బెనర్జీ, వెనువెంటనే జర్నైల్ గోలులు చేయగా, 2-1తో స్వర్ణము మనదయ్యెను.

రహీంగారు 1963 జూన్ 11న కన్నుమూసిరి. వారి కుమారుడు హకీం 1960 రోము ఒలింపిక్సు జట్టులో నుండెను. తండ్రి కథతో 2024లో హిందీలో ‘మైదాన్’ అను చలనచిత్రము వచ్చెను. హైదరాబాదువాడే యైన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో మనకు కాంస్యము లభించెను. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల వరకు, ఆ తరువాత మన ఫుట్‌బాల్ జట్టునకు అచట మరియొక పతకము రాలేదు.