మూడు రోజులకు ఒక్క అంచు చాలు

లాంగ్ వీకెండ్ వస్తోందంటే అమెరికాలో ఏదో ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ ప్లాన్ ప్రత్యక్షమవుతుంది. శుక్రవారం రాత్రికి లాస్ వెగాస్. శనివారం గ్రాండ్ క్యానియన్, సాయంత్రానికి పేజ్. ఆదివారం పొద్దున్నే ఆంటిలోప్ క్యానియన్, హార్స్‌షూ బెండ్, చీకటి పడేలోపు జయాన్. సోమవారం బ్రైస్ క్యానియన్ కూడా చూసేసి, రాత్రి విమానానికి మళ్లీ వెగాస్. బావగారు బొటనవేలు ఎత్తుతారు, పిన్ని రెండు చేతులూ జోడిస్తుంది. ఖరారైపోతుంది.

ఒకసారి లెక్క వేద్దాం. వెగాస్ నుంచి గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్‌కి 280 మైళ్లు, అంటే 450 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. అక్కణ్నుంచి పేజ్‌కి రెండున్నర గంటలు. పేజ్ నుంచి జయాన్‌కి రెండు, జయాన్ నుంచి బ్రైస్‌కి ఇంకో రెండు, బ్రైస్ నుంచి వెగాస్‌కి నాలుగు. ఎక్కడా ఆగకపోతేనే పదిహేను గంటలు. పెట్రోలు, బాత్రూమ్, పార్కింగ్ కోసం ప్రదక్షిణలు, చిన్నాడి వాంతులు వీటికి అదనం. కొడుకునో కూతుర్నో చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ యాత్రలో దక్కేది వ్యాన్ కిటికీలోంచి కనిపించే ఎర్రమట్టి, దిగిన చోటల్లా పది నిమిషాలు, పాతిక ఫొటోలు.

తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి ఒకే రోజున చుట్టి వచ్చే అలవాటు మనది. గుళ్ల విషయంలో అది చెల్లుతుంది. గర్భగుడి ముందు అర నిమిషం నిలబడ్డా దర్శనమైనట్టే. లోయ దగ్గర అలా కుదరదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చూస్తే గ్రాండ్ క్యానియన్ గోడకు అంటించిన పోస్టర్‌లా చదునుగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. అదే చోట పొద్దు వాలే గంటలో నిలబడండి. నీడలు ఒక్కో గట్టునూ పక్కదాన్నుంచి విడదీస్తాయి, అప్పుడు తెలుస్తుంది లోతు. సగటు టూరిస్టు బస్సు వచ్చేది సరిగ్గా ఆ పనికిరాని మధ్యాహ్నంలోనే. అందుకే మూడు రోజులే ఉంటే ఒక్క అంచు పట్టుకుని రెండు రాత్రులు అక్కడే ఉండిపొమ్మంటాను.

ఏ గ్రాండ్ క్యానియన్?

ముందు తేల్చుకోవాల్సింది ఇది. కొలరాడో నది తొలిచిన ఈ లోయ పొడవు 277 మైళ్లు, అంటే దాదాపు 446 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లు, లోతు సుమారు మైలు. అంత పొడవున్న దానికి ఒకే గుమ్మం ఉండదు కదా.

వెగాస్‌లో టూరు బుక్ చేసుకున్న చాలామంది వెళ్లేది గ్రాండ్ క్యానియన్ వెస్ట్‌కి. గాజు వంతెన ‘స్కైవాక్’ ఉన్నది అక్కడే. 2007లో తెరిచారు. వెగాస్ నుంచి రెండుంబావు గంటల్లో వెళ్లొచ్చు కాబట్టి బాగా గిట్టుబాటు అనిపిస్తుంది. కానీ అది నేషనల్ పార్కు కాదు, హువాలపాయ్ తెగ వారి సొంత భూమి. పార్కు పాస్ అక్కడ పనికిరాదు, టికెట్టు వేరే. గాజు మీదికి ఫోన్ తీసుకెళ్లనిస్తారో లేదో ముందే కనుక్కోండి. వెళ్లకూడదని అనను. క్యాలెండర్లలో, సినిమాల్లో చూసిన గ్రాండ్ క్యానియన్ మాత్రం సౌత్ రిమ్. 1919లో నేషనల్ పార్కుగా ప్రకటించిందీ, 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిందీ ఆ రిమ్ ఉన్న పార్కే.

ఎదుటి గట్టు నార్త్ రిమ్. కాకి ఎగిరితే పది మైళ్లు, కారులో వెళ్తే రెండొందల పైచిలుకు. చలికాలమంతా మంచు వల్ల మూసేస్తారు. పైగా 2025 జులైలో చెలరేగిన డ్రాగన్ బ్రావో కార్చిచ్చు అక్కడి చారిత్రక లాడ్జిని బూడిద చేసింది. తక్కువ రోజులున్నవాళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

సౌత్ రిమ్‌కి వెగాస్ కన్నా ఫీనిక్స్ దగ్గర. 230 మైళ్లు, మూడున్నర గంటలు. డల్లాస్ నుంచో, బే ఏరియా నుంచో వచ్చేవాళ్లు టికెట్లు కొనేముందు ఈ సంగతి చూసుకుంటే రానూపోనూ రెండు గంటలు మిగులుతాయి. దారి కూడా బాగుంటుంది. నిలువెత్తు సాగువారో జెముళ్ల మధ్య బయల్దేరి, ఫ్లాగ్‌స్టాఫ్ వచ్చేసరికి దేవదారు చెట్ల లాంటి పాండెరోసా పైన్ అడవిలో ఉంటారు. సౌత్ రిమ్ ఎత్తు ఏడు వేల అడుగులు, అంటే మన ఊటీకి కాస్త తక్కువ. ఎడారి అనగానే నూలుబట్టలు మాత్రమే సర్దుకుని వచ్చిన అత్తగారు జనవరిలో అక్కడ మంచులో వణకడానికి కారణం ఇదే. మే నెలలోనూ తెల్లవారుజామున స్వెట్టరు కావాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే బయల్దేరడం మంచిది.

అడుగుకు పది లక్షల ఏళ్లు

అంచు మీద పెద్దవాళ్లతో ఏం చెయ్యాలన్న ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు ‘ట్రెయిల్ ఆఫ్ టైమ్’. యావపాయ్ మ్యూజియం దగ్గర మొదలయ్యే చదునైన పక్కా బాట. వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. ఒక్కో మీటరూ పది లక్షల సంవత్సరాలకు లెక్క. మీటరుకొక కంచు బిళ్ల నేలలో పొదిగి ఉంటుంది. లోయలో ఏ పొర రాయి ఏ కాలానిదో, ఆ కాలం వచ్చిన చోట ఆ రాయిని బాట పక్కన నిలబెట్టారు. తాకి చూడొచ్చు. పెద్ద అంగ వేస్తే పది లక్షల ఏళ్లు వెనక్కి పోయినట్టు. మనుషుల చరిత్ర మొదటి అంగలోనే అయిపోతుంది. లోయ పైపొర కైబాబ్ సున్నపురాయి వయసు 27 కోట్ల ఏళ్లు, అది రావాలంటే 270 మీటర్లు నడవాలి. ఆ పొరలన్నిటినీ కోసుకుంటూ కొలరాడో నది ఇంత లోతుకు దిగడం యాభై అరవై లక్షల ఏళ్ల కిందటి నుంచి జరిగిన పని అని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. రాళ్లు ముసలివి, లోయ పడుచుది.

బాట చివరికి వచ్చేసరికి ఉంటుంది మనవాళ్లకు అసలు ఆశ్చర్యం. లోయ అట్టడుగున, నదిని ఒరుసుకుని ఉన్న నల్లటి రాళ్ల వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. భూగర్భ శాస్త్రంలో వాటి అధికారిక నామధేయాలు విష్ణు శిస్ట్, బ్రహ్మ శిస్ట్, రామ శిస్ట్. ఎవరో ప్రవాస భారతీయుడు పెట్టిన పేర్లు కావివి. క్లారెన్స్ డటన్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతాన్ని సర్వే చేసి 1882లో నివేదిక అచ్చువేశాడు. లోయలోంచి గోపురాల్లా లేచిన శిఖరాలకు తూర్పుదేశాల దేవుళ్ల పేర్లయితేనే సరిపోతాయనిపించింది ఆయనకు. విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అలా వచ్చాయి. ఆ దారిలోనే బ్రహ్మ టెంపుల్, కృష్ణ ష్రైన్, రామ ష్రైన్ కూడా మ్యాపుకెక్కాయి. గుళ్లేమీ లేవు, కట్టిన రాయి ఒక్కటీ లేదు. మ్యూజియం గాజు కిటికీల ముందు ఏ శిఖరం ఏదో రాసిపెట్టారు. నాన్నగారికి వేలు పెట్టి చూపిస్తే కాసేపు కదలరు.

కదలకపోవడం అన్నాను కాబట్టి ఉడతల సంగతి కూడా చెప్పాలి. బెంచీ మీద పొట్లం విప్పగానే బూడిదరంగు రాతి ఉడత కాళ్ల దగ్గరికి వస్తుంది. పల్లీలు వేస్తే పుణ్యమని మనవాళ్ల చెయ్యి ముందుకు వెళ్తుంది. రాముడు వీపు నిమిరిన వంశం కాదది. కరుస్తుంది. ఏటా ఎందరో టూరిస్టులు వాటి కాటుకే ఫస్ట్ ఎయిడ్‌కి వెళ్తారు. మేత వేయడం నిషేధం కూడా.

దిగడం వేరు, ఎక్కడం వేరు

కుర్రాళ్లు అంచు మీద ఊరుకోరు. బ్రైట్ ఏంజెల్ బాట మొదట్లో ఒక చిన్న సొరంగం వస్తుంది. అది దాటగానే వేడి గాలి, మెత్తటి ఎర్రధూళి, కంచరగాడిదల పేడ వాసన. లోయ అడుగునున్న ఫాంటమ్ రాంచ్ విడిదికి మనుషులనూ సామానునూ మోసేవి ఇప్పటికీ ఆ గాడిదలే. వరుస ఎదురైతే లోయ వైపు కాదు, కొండ వైపు ఒదిగి నిలబడాలి. రౌతు చెప్పేదాకా కదలకూడదు. ఒళ్లు రాసుకునేంత దగ్గరగా పోతాయి.

మామూలు కొండతో అలవాటైన కాళ్లకు ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ముందు సులువు, తర్వాత కష్టం. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు వేసుకోవాలి. పైన హాయిగా ఉన్నా దిగేకొద్దీ ఎండ ముదురుతుంది. వేసవిలో లోయ అడుగున 43 డిగ్రీలు దాటడం మామూలే. ఒక్కరోజులో నదిదాకా దిగి పైకి రావద్దని పార్కు రేంజర్లు బోర్డులు పెట్టి మరీ చెబుతున్నారు. వేసవిలో పదింటి నుంచి నాలుగింటి దాకా బాట మీద ఉండొద్దనీ చెబుతారు. వాళ్లు పిరికివాళ్లు కారు, స్ట్రెచర్లు మోసేది వాళ్లే.

నీళ్లు తాగాలని అందరికీ తెలుసు. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పడిపోయి వాంతులు, అయోమయం వస్తాయన్నది చాలామందికి తెలీదు. ఇక్కడ మన చిరుతిళ్లే గెలుస్తాయి. జంతికలు, కారప్పూస, ఉప్పు చల్లిన వేరుశనగలు సంచిలో ఉంటే ఖరీదైన పొడులు కొననక్కర్లేదు. మొదటిసారి దిగేవాళ్లకు మైలున్నర దగ్గరుండే విశ్రాంతి గది చాలు. అక్కడ కుళాయి ఉంటుంది కానీ చలికాలంలో కట్టేస్తారు. లోయ అవతలి నుంచి నీళ్లు తెచ్చే పాత పైపులైను తరచూ పగులుతుంది కూడా. ఆ రోజు నీళ్లున్నాయో లేదో పైనే కనుక్కుని దిగండి. ఇంకా కిందనున్న పచ్చటి తోపుకు హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు. 2022 దాకా ఇండియన్ గార్డెన్ అనేవారు. అక్కడ సాగు చేసుకుని బతికిన హవసుపాయ్ ప్రజలను పార్కు పేరుతో వెళ్లగొట్టారు. పేరైనా ఇన్నాళ్లకు వాళ్లది తిరిగొచ్చింది.

నాలుగో రోజుంటేనే పేజ్

పేజ్ దగ్గరి ఆంటిలోప్ క్యానియన్ ఫొటోలు చూసి ఆగలేనివాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అలలు అలలుగా నునుపుదేరిన నారింజ గోడలు, పైనుంచి జారే వెలుగు. కానీ అది నవాహో నేషన్ భూమి. గైడు లేకుండా అడుగుపెట్టలేరు, ముందే బుక్ చేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అప్పర్ మేలు, లోపల నేల చదును. లోయర్‌లో నిటారు ఇనప నిచ్చెనలు. సంచులు తేనివ్వరు. ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో, ఫోన్‌లో ఏ సెట్టింగ్ మార్చాలో గైడ్లే చూపిస్తారు.

టూరు రద్దయితే విసుక్కోకండి. 1997 ఆగస్టు 12న లోయర్ ఆంటిలోప్‌లో పదకొండుమంది టూరిస్టులు వరదలో కొట్టుకుపోయారు. అక్కడ చెప్పుకోదగ్గ వాన లేదు. మైళ్ల దూరంలో కురిసిన గాలివాన నీరు ఆ సందులోకి గోడలా వచ్చింది. ఆ గోడలను అంత నునుపు చేసింది కూడా అలాంటి వరదలే. జులై మధ్య నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానల కాలం. నీలాకాశం కింద నిలబెట్టి గైడు ‘ఈ రోజు లేదు’ అంటే ఆమెకు మీకు కనపడని మబ్బేదో కనపడిందన్నమాట.

ఇంకో తిరకాసు గడియారం. అరిజోనాలో వేసవికి గంట ముందుకు జరిపే పద్ధతి లేదు. నవాహో నేషన్‌లో ఉంది. పక్కనున్న యూటాలోనూ ఉంది. పేజ్ ఊరూ, అక్కడి టూర్లూ నడిచేది అరిజోనా టైమ్ మీద. ఏ టవర్ దొరికితే దాని టైమ్ చూపించే ఫోన్‌ని నమ్ముకుంటే గంట ముందే తేలతారు. ఫోన్‌లో ఫీనిక్స్ టైమ్ చేత్తో పెట్టుకోండి.

డబ్బు విషయం టూకీగా. కారుకు ఏడు రోజులకు 35 డాలర్లు పాత లెక్కే. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని పదహారేళ్లు నిండినవాళ్లకు గ్రాండ్ క్యానియన్, జయాన్, బ్రైస్ సహా పదకొండు పార్కుల్లో తలకు 100 డాలర్లు అదనం. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలు ఈ లెక్కలోకే వస్తారు. రెండు మూడు పార్కులు చూసేవాళ్లకు 250 డాలర్ల వార్షిక పాస్ ఉంది. బయల్దేరే వారం పార్కు వెబ్‌సైట్ తిరగేయండి. లోపలి లాడ్జీల గదులు పదమూడు నెలల ముందు నుంచే అమ్ముడవుతాయి. దొరక్కపోతే గేటు బయటి టుసాయాన్, అదీ కాకపోతే గంట దూరంలోని విలియమ్స్. రైస్ కుక్కర్, ఆవకాయ ఎలాగూ డిక్కీలో ఉంటాయి, వాటి గురించి నేను చెప్పేదేముంది?

రెండు సాయంత్రాలు, రెండు తెల్లవారుజాములు అయ్యాక తూర్పు దారిన డెజర్ట్ వ్యూ మీదుగా తిరిగి రండి. మేరీ కోల్టర్ రూపకల్పన చేసిన 1932 నాటి రాతి బురుజు అక్కడుంది. అంచు మీద చాలాచోట్ల నది కనపడదు. ఇక్కడ మాత్రం పెద్ద మలుపు తిరుగుతూ స్పష్టంగా కనిపిస్తుంది. రెండు రోజులుగా ‘నదేదిరా?’ అని అడుగుతున్న నాన్నగారిని అక్కడ నిలబెట్టండి.

జయాన్, బ్రైస్ వచ్చే ఏడాదికి ఉంచండి. వెగాస్ సంగతేంటని బావగారు గ్రూపులో తప్పక అడుగుతారు. ఆ దీపాలకు పొద్దు వాలడం, మబ్బు పట్టడం లేవు కాబట్టి, ఎప్పుడైనా ఓ రాత్రి విమానం మారే వ్యవధిలో చూసుకోవచ్చని చెప్పండి.