మీకు తెలుసా? బెంగళూరు బిడ్డ చెప్పిన 26 అంకెల జవాబు

1980 జూన్ 18, లండన్ ఇంపీరియల్ కాలేజీ. అక్కడి కంప్యూటర్ విభాగం ఏరిన రెండు 13 అంకెల సంఖ్యలు 76,86,36,97,74,870, 24,65,09,97,45,779. బెంగళూరులో పుట్టిన శకుంతలాదేవి వాటిని నోటిలెక్కగా గుణించి, 28 సెకన్లలో జవాబు చెప్పారు:

1,89,47,66,81,77,99,54,26,46,27,73,730.

ఇంత పెద్ద లెక్కనూ కాగితం మీద చిన్న చిట్కాతో పరీక్షించవచ్చు. ఒక్క అంకె మిగిలేదాకా అంకెలు కూడుతూ పోవాలి. మొదటి సంఖ్యకు 78, తర్వాత 15, చివరికి 6. రెండోదానికి 74, 11, 2. ఆరు రెళ్లు పన్నెండు, అంటే 3. మరి జవాబు? అంకెల మొత్తం 138, ఆపై 12, అదీ మూడే! ఎంత ముచ్చటైన పొందిక!

అయితే రెండు అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పసిగట్టలేదు, ఎందుకంటే మొత్తం మారదు. ఇంకో సంగతి, 138ని 3 భాగిస్తుంది, 9 భాగించదు. ఆ 26 అంకెల సంఖ్యకూ అంతే.