చిన్న భాష, పెద్ద లోకము: వేల్సు గాయకుడు గ్రిఫ్ రీస్

ఇంటిలో నొక భాష, వీథిలో నొక భాష, ఉద్యోగమునకు మఱియొక భాష. ఇది మనకు క్రొత్త గాదు. తరతరములుగా తెలుగునాటికి వెలుపల కాపురముండు కుటుంబములలో, బిడ్డను బడిలో చేర్పించునపుడెల్ల ఒక ప్రశ్న తలయెత్తును: తల్లిభాష చదివిన పిల్లవాడు రేపు ఎక్కడ నిలుచును? ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. బ్రిటను దీవి పడమటి యంచున నున్న వేల్సు దేశమున గూడ తలిదండ్రులు దీనినే పలుమాఱు వేసికొనిరి. అచ్చట పుట్టిన యొక గాయకుని జీవితమును పాఠకులకు పరిచయము చేయదలచితిమి. ఆయన గ్రిఫ్ రీస్. పాటలు కట్టుదురు, పాడుదురు, పుస్తకములు వ్రాయుదురు. వింత మనిషి యను పేరును గూడ గడించిరి.

ముందుగా ఆ దేశపు భాషను గూర్చి కొంత చెప్పవలెను. వెల్ష్ ఇంగ్లీషునకు మాండలికము గాదు. కెల్టిక్ కుటుంబమునకు చెందిన ప్రాచీన భాష. 1847లో ప్రభుత్వ విచారణాధికారులు వేల్సు పాఠశాలలపై సమర్పించిన నివేదిక, ఈ భాష ప్రజల పురోగతికి అడ్డంకి యని నిందించెను. ఆ శతాబ్దమున పెక్కు బడులలో వెల్ష్ మాటలాడిన పిల్లవాని మెడలో కొయ్యముక్క వ్రేలాడదీయు శిక్ష యుండెను. 1911 జనాభా లెక్కలలో నూటికి సుమారు 43 మంది వెల్ష్ మాటలాడుచుండిరి. 2021 నాటికి అది 17.8 శాతమునకు, అనగా సుమారు 5,38,000 మందికి దిగెను. ఈ వెల్లువకు ఎదురీదినవానిలో బడులు ముఖ్యమైనవి. 1939లో అబెరిస్ట్‌విత్ పట్టణమున ఏడుగురు పిల్లలతో తొలి వెల్ష్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల ఆరంభమయ్యెను. 1956లో ఉన్నత పాఠశాలయు వెలసెను.

గ్రిఫ్ రీస్ 1970 జూలై 18న హేవర్‌ఫర్డ్‌వెస్ట్ పట్టణమున జన్మించిరి. పెరిగినది ఉత్తర వేల్సునందలి బెథెస్డాలో. అది పలకరాతి గనుల ఊరు. వెల్ష్ భాషకు పట్టుకొమ్మ. తండ్రి యోవాన్ బోవెన్ రీస్ గ్విన్నెడ్ మండల పాలనాసంఘమున ముఖ్య కార్యనిర్వాహకుడు, పర్వతారోహకుడు, రచయిత. ఇంటను, ఊరను వినవచ్చిన భాషలోనే బాలుడు పాటలు కట్ట నేర్చెను. 1980ల నడుమ మిత్రులతో గూడి స్థాపించిన తొలి వాద్యబృందము వెల్ష్ భాషలోనే పాడెను. అది 1993లో విడిపోయెను. ఆ యేడే కార్డిఫ్ నగరమున ‘సూపర్ ఫర్రీ ఏనిమల్స్’ అను బృందము పుట్టెను. 1995లో లండనునందలి ఒక ప్రసిద్ధ రికార్డు సంస్థతో ఒడంబడిక చేసికొనెను.

ఆ పిమ్మట వారు ఎక్కువగా ఇంగ్లీషులో పాడసాగిరి. స్వభాషను విడిచిరని వేల్సులో కొందఱు నొచ్చుకొనిరి. ఈ నొప్పి మన యిండ్లలోను తెలియనిది గాదు. అయితే 2000లో ఆ లండను సంస్థ మూతపడగా, బృందమువారు తమ సొంత సంస్థ ద్వారా ‘మూంగ్’ అను సంపుటమును వెలువరించిరి. ఆ మాటకు ‘జూలు’ అని అర్థము. అందలి పాటలన్నియు వెల్ష్ భాషలోనివే. స్వల్పవ్యయముతో తయారైన ఆ సంపుటము బ్రిటను విక్రయపట్టికలో 11వ స్థానమున నిలిచెను. లండను పార్లమెంటులో ఒక వేల్సు సభ్యుడు దానిని అభినందించుచు తీర్మానము ప్రతిపాదించెను. భాష తెలియనివారు సయితము కొని వినిరనుట స్పష్టము. వెల్ష్ వచ్చినవారి కొనుగోలు మాత్రమే అంతటి స్థానమును తెచ్చియుండదు.

ఇక ఆయన వింతలు. 1996లో బృందమువారు యుద్ధట్యాంకు నొకదానిని సంపాదించి, నీలిరంగు వేసి, అందుండి ఉత్సవములలో సంగీతము వినిపించిరి. 2001లో ఒక పాటకు బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ కేరట్టును నమలుచుండగా ఆ చప్పుడును తాళముగా చేర్చిరి. గ్రిఫ్ తాను బసచేసిన హోటళ్లలో నిచ్చు చిన్న షాంపూ సీసాలను ఏండ్ల తరబడి దాచి, వానితో ఒక చిన్న హోటలునే కట్టి ప్రదర్శించిరి. ‘హోటల్ షాంపూ’ అను పేర వచ్చిన ఆయన సంపుటమునకు 2011లో తొలి వెల్ష్ సంగీత బహుమానము లభించెను. కచేరీలో చప్పట్లు కొట్టుడని అట్టపై వ్రాసి చూపుట ఆయన అలవాటు. ఆ అట్టల కథపై 2020లో ఒక పుస్తకమే వ్రాసిరి.

ఈ వేడుక వెనుక లోతైన అన్వేషణ యున్నది. 1865లో సుమారు 150 మంది వెల్ష్ ప్రజలు ‘మిమోసా’ అను ఓడనెక్కి, తమ భాషను కాపాడుకొన దక్షిణ అమెరికాయందలి పటగోనియాకు వలసపోయిరి. అచ్చటి సంతతివాడును దూరపు బంధువును నగు ఒక గాయకుని వెదకుచు గ్రిఫ్ చేసిన యాత్ర 2010లో చలనచిత్రముగా వెలువడెను. అర్జెంటీనా నేలపై స్పానిషు నడుమ వెల్ష్ మాటలాడు కుటుంబముల ముచ్చట వినునపుడు, పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు మన తలపునకు రాకమానరు.

రెండవ యాత్ర ఇంకను చిత్రమైనది. మాడొక్ అను వెల్ష్ రాజకుమారుడు 1170 ప్రాంతమున అమెరికా చేరెననియు, అతని సంతతి వెల్ష్ మాటలాడు ఇండియనులుగా మిగిలెననియు ఒక కట్టుకథ కలదు. దానిని నమ్మి 1792లో వౌన్‌వౌర్ గ్రామపు యువకుడు జాన్ ఎవాన్స్ అమెరికాకు పోయెను. స్పానిషు అధికారుల చెఱలో మ్రగ్గి, మిస్సోరీ నది వెంబడి ప్రయాణించి, 1796లో మండాను జాతివారిని చేరెను. వారిలో వెల్ష్ ఎఱిగినవాడు ఒక్కడును లేడు. అతడు ఆ సత్యమునే నిజాయితీతో వ్రాసి తెలిపి, 1799లో 29వ యేట న్యూ ఆర్లియన్సులో కన్నుమూసెను. అతడు గీచిన పటము తరువాత లూయిస్, క్లార్కు యాత్రికులకు ఉపకరించెను.

గ్రిఫ్ 2012లో ఎవాన్స్ రూపమున నొక గుడ్డబొమ్మను వెంటగొని, అదే త్రోవలో కచేరీలు చేయుచు సాగిరి. 2014లో ‘అమెరికన్ ఇంటీరియర్’ అను పేర గ్రంథము, చిత్రము, పాటల సంపుటము వెలువడెను. యాత్ర చివర ఆయన కలిసికొనినది మండాను భాషను ధారాళముగా మాటలాడు కడపటి వ్యక్తి ఎడ్విన్ బెన్సన్‌ను. ఆ వృద్ధుడు 2016లో గతించెను. పరదేశమున తన భాషను వెదకబోయిన ఎవాన్స్ త్రోవ, భాషయే అంతరించుచున్న యింటికి గ్రిఫ్‌ను చేర్చెను. వెల్ష్ వారికి ఇంతకుమించిన హెచ్చరిక యేముండును?

2019లో ఆయన వెల్ష్ పాటల సంపుటమును దక్షిణ ఆఫ్రికా సంగీతకారుడొకని తోడ్పాటుతో రూపొందించి, అందు జులూ మాటలకును చోటిచ్చిరి. ఇంగ్లీషును ద్వేషింపలేదు, వెల్ష్‌ను విడువలేదు.

ఇందుండి మనము గ్రహింపదగినదేమి? ఇంటి భాష ఆయన త్రోవకు అడ్డు రాలేదు. ఆయన కళకు ముడిసరకైనది. అట్లని ఒక గాయకుని కీర్తి భాషను కాపాడునని చెప్పజాలము. ‘మూంగ్’ వెలువడిన తరువాతను వెల్ష్ మాటలాడువారి శాతము తగ్గినది. కీర్తి పిల్లలకు ఉత్సాహము నీయగలదు; భాషను నేర్పవలసినది బడి, వాడుకలో నుంచవలసినది ఇల్లు. బిడ్డ స్థానిక భాషను, ఇంగ్లీషును చక్కగా నేర్వనిండు. వానితోపాటు రాత్రి భోజనవేళ తెలుగున ఒక కథ చెప్పుడు, ఒక పాట పాడించుడు. బడిలో మేము నేర్పు అక్షరములకు ఆ మాటలే ప్రాణము.