పనిచోట పెంపుడు కుక్క: ఉండవచ్చునా, ఉంటే ఎలా ఉండాలి?

జయపురం నుండి మల్కనగిరికి సాగే 326వ జాతీయ రహదారిపై బొయిపరిగుడలో, ఉదయం దుకాణాలు తెరిచే వేళ ఒకసారి గమనించండి. షట్టరు పైకి లేచేసరికి గడప దగ్గర పడుకున్న కుక్క లేచి ఒళ్లు విరుచుకుంటుంది. ఒకచోట అది యజమానితోపాటు ఇంటి నుండి వచ్చిన జాతికుక్క. మరొకచోట రాత్రంతా గిడ్డంగిని కాచిన ఊరకుక్క. యజమాని దానిని పేరు పెట్టి పిలుస్తాడు. అదే వేళకు పనికి వచ్చిన కుర్రవాడు మాత్రం గోడవారగా, దానికి ఎడంగా నడిచి లోపలికి పోతాడు. "అది ఏమీ చేయదులే" అని యజమాని నవ్వుతాడు. కుర్రవాడు కూడా నవ్వుతాడు. ఆ నవ్వులో ఇష్టమెంత, భయమెంత అని అడిగేవారుండరు.

పనిచోట కుక్క ఉండవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం ఆ కుర్రవాడిని అడగడంతోనే మొదలవుతుంది. ఈ వ్యాసం యజమానులకూ, పనివారికీ, కుక్కకూ ముగ్గురికీ సంబంధించినది.

పెద్ద నగరాల అనుభవం

కార్యాలయాలలోకి పెంపుడు కుక్కలను అనుమతించడం ఇటీవల మన దేశంలోనూ వినవస్తున్న మాట. పొలాలలో కలుపును లేజరుతో తొలగించే యంత్రాలు తయారుచేసే హైదరాబాదు సంస్థ హార్వెస్టింగ్ రోబోటిక్స్, 2025 మే నెలలో డెన్వర్ అనే గోల్డెన్ రిట్రీవర్ కుక్కకు 'చీఫ్ హ్యాపీనెస్ ఆఫీసర్' అని సరదాగా హోదా ఇచ్చి వార్తలలోకి వచ్చింది. ముంబయిలోని టాటా సంస్థల ప్రధాన కార్యాలయం బాంబే హౌస్‌ను 2018లో పునరుద్ధరించినప్పుడు, చిరకాలంగా అక్కడ ఆశ్రయం పొందుతున్న వీధికుక్కలకు ప్రత్యేకంగా ఒక గదినే కేటాయించారు. అమెరికాలో 1999 నుండి ఏటా జూన్ నెలలో, కుక్కను పనికి తీసుకువెళ్లే రోజును పాటిస్తున్నారు.

దీనివలన మేలు ఉన్నదా? అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, కుక్కను వెంట తెచ్చుకున్న ఉద్యోగులలో పొద్దు గడిచేకొద్దీ మానసిక ఒత్తిడి తగ్గింది. కుక్క లేనివారిలో పెరిగింది. అయితే ఇది ఒకే సంస్థలో, కొద్దిమందిపై జరిగిన అధ్యయనం. పైగా ఆ సంస్థ ఎంతోకాలంగా కుక్కలకు అలవాటు పడినది. కాబట్టి దాని ఫలితాన్ని ప్రతి దుకాణానికీ వర్తింపజేయలేము.

మన ఊళ్లలో పరిస్థితి వేరు

నగరంలోని పెద్ద కార్యాలయంలో కుక్కంటే భయపడే ఉద్యోగి మరో అంతస్తుకు మారవచ్చు, అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. బొయిపరిగుడ, జయపురం, కోరాపుట్, రాయగడ వంటి చోట్ల పనిచోటంటే చాలావరకు ఒకే గది: ముందు బల్ల, వెనుక సరుకు. అక్కడ కుక్క ఉంటే అందరితోనూ ఉన్నట్లే. యజమాని మాటకు ఎదురు చెప్పడం పనివాడికి సులభం కాదు. వారపు సంతనాడు నెత్తిన గంపలతో, చంకన బిడ్డలతో పల్లెల నుండి వచ్చే ఆడవారికి, బరువులు మోసుకొచ్చే హమాలీలకు కుక్క మీదికి వస్తే తప్పుకోవడానికి వీలుండదు.

మరొక విషయం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కాకముందు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. నాటి నుండి ఉన్న తెలుగు కుటుంబాలకు ఇక్కడ బంధుబలగం ఉన్నది. కొత్తగా వ్యాపారానికో, ఉద్యోగానికో వచ్చినవారికి అది లేదు. ఒక్క గదిలో అద్దెకుంటూ, పగలు కుక్కను ఎవరికి అప్పగించాలో తెలియక వెంట తెచ్చుకునేవారున్నారు. వారి అవసరం నిజమైనదే. దుకాణానికి కాపలా అవసరమూ నిజమైనదే. అవసరం ఉన్నచోట నిషేధం ఒక్కటే పరిష్కారం కాదు, నియమం కావాలి.

ఎక్కడ తగదు, ఎక్కడ తగును

ఆహారం తయారుచేసే, అమ్మే చోటికి కుక్కను రానీయకూడదు. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సు నిబంధనలు జంతువులు, పక్షులు, పెంపుడు ప్రాణులు ఆహార సంస్థల ఆవరణలోకి ప్రవేశించరాదని స్పష్టంగా చెబుతున్నవి. టిఫిను హోటలు, మిఠాయి దుకాణం, మాంసం దుకాణం అన్నింటికీ ఇది వర్తిస్తుంది. వైద్యశాలలు, మందుల దుకాణాలు, పసిపిల్లలుండే చోట్లు కూడా కుక్కకు తగినవి కావు. బియ్యపు మిల్లులు, కోత మిల్లులలో తిరిగే బెల్టులు, చక్రాల వలన కుక్కకే ప్రాణాపాయం. పురుగుమందులు, ఎలుకల మందు నిలువచేసే చోటూ అంతే.

ఖాతాలు చూసే గది, కంచె ఉన్న గిడ్డంగి ఆవరణ, జనం రాకపోకలు తక్కువగా ఉండే కార్ఖానా వంటి చోట్ల, పనిచేసేవారు అందరూ ఒప్పుకుంటే, ఏర్పాట్లతో కుక్కను ఉంచుకోవచ్చు.

చట్టం ఏమంటున్నది?

ప్రైవేటు పనిచోటికి పెంపుడు కుక్కను తెచ్చుకునే హక్కును ఉద్యోగికి ఇచ్చే కేంద్ర చట్టమేదీ లేదు. నిర్ణయం యజమానిది, దానితో వచ్చే బాధ్యత కూడా యజమానిదే.

భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన ఆధీనంలోని జంతువు వలన మనుషుల ప్రాణానికి ప్రమాదం లేక తీవ్రమైన గాయం కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి కూడా, పదిమంది లేక అంతకు మించి పనివారున్న సంస్థలలో ప్రమాదరహితమైన పనిచోటును కల్పించడం యజమాని విధి అని చెబుతున్నది.

కుక్క పక్షాన కూడా చట్టం ఉన్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, కురచ గొలుసుతోనో, బరువైన గొలుసుతోనో అదేపనిగా కట్టివేయడం, పోషించవలసిన జంతువును దిక్కులేకుండా వదిలివేయడం నేరాలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు కుక్కకు టీకాలు, నులిపురుగుల మందు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేయించే బాధ్యతను దాని యజమానిపై ఉంచినవి.

ఊరకుక్కకు దుకాణం ముందు అన్నం పెట్టేవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి వీధికుక్కలను తొలగించి, శస్త్రచికిత్స, టీకాల తరువాత ఆశ్రయాలలో ఉంచాలనీ, మళ్లీ అక్కడే వదలరాదనీ సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. బస్సు స్టాండును, బడిని ఆనుకొని ఉన్న దుకాణదారులు దీనిని గుర్తుంచుకోవాలి.

అసలు ప్రమాదం: రేబిస్

కుక్క మొరగడం, గీరడం, వెంట్రుకలు రాల్చడం చిన్న ఇబ్బందులు. పెద్ద ప్రమాదం రేబిస్, అనగా జలభీతి వ్యాధి. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి నుండి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే సోకుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ వ్యాధితో ప్రపంచంలో జరిగే మరణాలలో మూడోవంతుకు పైగా మన దేశంలోనివేనని ఆ సంస్థ అంచనా.

ఇంత భయంకరమైన వ్యాధి అయినా, సకాలంలో టీకా వేస్తే పూర్తిగా నివారించదగినది. కాటుకూ లక్షణాలకూ నడుమ సాధారణంగా రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది. కొందరిలో అది వారం రోజులే కావచ్చు. ఆ వ్యవధిలో వైరస్ నరాల వెంట మెదడు వైపు ప్రయాణిస్తూ ఉంటుంది. అది మెదడును చేరేలోగా శరీరంలో రోగనిరోధక శక్తిని సిద్ధం చేయడమే టీకా పని. అందుకే తలపై, ముఖంపై, చేతివేళ్లపై పడిన కాటు మరింత ప్రమాదకరం. అందుకే ఒక్కరోజు ఆలస్యమూ తగదు.

"పెంపుడు కుక్కే కదా", "కూన కదా", "రక్తం రాలేదు కదా" అన్న మూడు మాటలు ప్రాణాలు తీస్తున్నవి. టీకా లేని పెంపుడు కుక్క, వీధిలో మరొక కుక్కతో పోట్లాడిన కూన, చర్మం గీరుకుపోయిన చిన్న గీత, పుండుపై నాకిన నాలుక, వీటిలో దేనివలననైనా వ్యాధి సోకవచ్చు.

కాటు పడితే వెంటనే చేయవలసినవి

1. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలపాటు కడగాలి. మొదటి చికిత్స ఇదే. కొళాయి లేకపోతే బిందెతో పోస్తూ కడగాలి.

2. పసుపు, కారం, సున్నం, నూనె, ఆకుపసరు పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. వైద్యుడు చెప్పకుండా కుట్లు వేయించుకోకూడదు.

3. అదే రోజు ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లాలి. బ్లాకు కేంద్రంలో సామాజిక ఆరోగ్య కేంద్రం, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నవి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రులలో నిరామయ పథకం కింద మందులు ఉచితం. అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104.

4. చర్మంలోకి ఇచ్చే టీకా సాధారణంగా మొదటి రోజు, తరువాత 3వ, 7వ, 28వ రోజులలో వేస్తారు. గాయం లోతైనదైతే తొలి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు.

5. కరిచిన కుక్కను చంపరాదు. అది పెంపుడుదైతే పది రోజులు కట్టి ఉంచి గమనించాలి. ఆ పది రోజులు గడిచేవరకు టీకాను వాయిదా వేయడం మాత్రం తగదు.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెత వరకే. కాటుకు మందు సబ్బు, నీరు, టీకా. మంత్రం వేసేవారి దగ్గరకు, దిసారి దగ్గరకు వెళ్లాలన్న నమ్మకం ఉన్నవారు ముందు టీకా వేయించుకొని తరువాత వెళ్లమని నెమ్మదిగా చెప్పండి. నమ్మకంతో వాదానికి దిగి పొద్దు పోగొట్టడం కంటే అది మేలు.

ఒడియా తెలియని కొత్తవారు ఆసుపత్రిలో చెప్పవలసిన మాట ఒక్కటే: "కుకుర కాముడిచి." కుక్క కరిచింది అని దాని అర్థం. టీకాను ఒడియాలోనూ 'టీకా' అనే అంటారు. జలభీతి వ్యాధిని 'జలాతంక' అంటారు. ఈ మూడు మాటలను పనివారికి, పిల్లలకు నేర్పించండి.

యజమానులు చేయవలసిన ఏర్పాట్లు

మొదట, పనివారిని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. అందరి ముందు అడిగితే అందరూ సరేనంటారు. కుక్కంటే భయం ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు, కుక్క లాలాజలం తగిలితే మళ్లీ శుద్ధి చేసుకోవలసిన ఆచారం ఉన్నవారు ఉండవచ్చు. ఒక్కరు వద్దన్నా, ఆ మనిషి పనిచేసే గదిలోకి కుక్క రాకూడదు. వద్దన్నందుకు వారిని ఎగతాళి చేయడం గానీ, పని తగ్గించడం గానీ న్యాయం కాదు.

రెండవది, టీకా కార్డు. కుక్కకు మూడు నెలల వయసులో తొలి రేబిస్ టీకా వేయించి, పశువైద్యుని సలహా ప్రకారం రెండవ మోతాదు, ఆపైన ఏటేటా టీకా వేయించాలి. ఊరకుక్కను చేరదీసినవారికీ ఇదే వర్తిస్తుంది. కార్డు నకలును పనివారందరికీ కనబడేలా గోడకు అంటించండి. పెంపుడు కుక్కల నమోదు నియమం ఉన్నదేమో మీ పురపాలక లేక పంచాయతీ కార్యాలయంలో విచారించండి.

మూడవది, చోటు. కుక్కకు నీడ, నీళ్లగిన్నె, తిరగడానికి వీలైనంత పొడవైన తాడు ఉండాలి. కొనుగోలుదారులు వచ్చే దారిలో కట్టకూడదు. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు దానిని తాకవద్దని అందరికీ చెప్పాలి. దాని మలమూత్రాలను శుభ్రం చేసే పని యజమానిదే. జీతానికి వచ్చినవారిది కాదు.

నాలుగవది, సెలవులు. సంక్రాంతికి దుకాణం మూసి సొంత ఊరికి వెళ్లినప్పుడు వెనుక మిగిలిపోయే కుక్క పది రోజులలో ఆకలితో వీధికుక్కల గుంపులో కలుస్తుంది. తిరిగి వచ్చిన యజమాని దానిని మళ్లీ లోపలికి రానిస్తాడు. ఆ పది రోజులలో అది ఏ కుక్కతో పోరాడిందో, ఎక్కడ కాటు తిన్నదో ఎవరికీ తెలియదు. కనుక ప్రయాణానికి ముందే దానిని చూసుకునే మనిషిని కుదుర్చుకోవాలి. అది వీలుకాని వారు కుక్కను పెంచుకోకపోవడమే ఆ ప్రాణికి చేసే మేలు.

ముగింపుగా ఒక మాట

ధర్మరాజు మహాప్రస్థానంలో తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడన్న కథ తెలియని తెలుగువారు లేరు. నమ్మివచ్చిన ప్రాణిని విడువరాదన్నది ఆ కథ నేర్పే ధర్మం. మన దుకాణానికి నమ్మి వచ్చే ప్రాణి కుక్క ఒక్కటే కాదు. జీతానికి వచ్చే కుర్రవాడూ, సరుకు కోసం వచ్చే తల్లీ కూడా మనలను నమ్మే గడప దాటుతున్నారు. రేపు ఉదయం షట్టరు ఎత్తినప్పుడు ఆ కుర్రవాడిని పక్కకు పిలిచి, "నీకు దీనివలన భయమా?" అని అడగండి. అతడు చెప్పే సమాధానాన్ని బట్టి కుక్కను ఎక్కడ ఉంచాలో నిర్ణయించండి.