కలివికోడి పేరు ఎవరికి తెలుసు?

వన్యప్రాణి పరిశోధనకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా అన్న చర్చ సాహిత్య పత్రికలో ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఒక పేరు కోసమని నా సమాధానం. కలివి పొదల్లో తిరుగుతుంది గనుక దాన్ని కలివికోడి అన్నారు మన పల్లెజనం. మన కథల్లో మాత్రం ఇంకా ‘ఏదో పిట్ట కూసింది’ అనే రాస్తున్నాం.

1848లో జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ పక్షిని శాస్త్రగ్రంథాలకు ఎక్కించాడు. 1900 తర్వాత అది ఏ పండితుడి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ సంగతి లోకానికి చాటాడు. శాస్త్రలోకం చచ్చిపోయిందనుకున్న పక్షి పల్లె నోట పేరుతో సహా బతికే ఉందన్నమాట.

ఇక్కడ ఆగి ‘ప్రజల జ్ఞానమే చాలు’ అని చప్పట్లు కొట్టడం మనవాళ్లకు అలవాటు. నేను ఒప్పుకోను. పేరు తెలిసినంత మాత్రాన కాలువ ఆగదు. 1988లో అభయారణ్యం ఏర్పడింది. నిజమే, కాని పక్షి ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలియకుండా హద్దులు గీస్తే ఏం ప్రయోజనం? అది రాత్రి తిరిగే ప్రాణి. పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, దానిమీద పడిన అడుగులు చదివారు. రికార్డు చేసిన కూత వినిపించి బదులు కూత కోసం చెవి ఒగ్గారు. ఏళ్ల తరబడి సాగే ఈ పనికి లాభం చూసుకునేవాడు పైసా పెట్టడు. ఇందులో కొంత ఖర్చు బ్రిటిష్ ప్రభుత్వపు డార్విన్ నిధి భరించింది. మన ప్రభుత్వాలకు ఈ మాట గుచ్చుకోవాలి.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు ఈ పరిశోధనే సాక్ష్యమైంది. వ్యవహారం సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మారింది. సీమ రైతుకు నీళ్లు వద్దని ఎవరూ అనలేదు, కాలువ పక్కనుంచి వెళ్లాలన్నారు. అంతే. సాక్ష్యం లేకపోతే రైతుకూ పక్షికీ తగువు పెట్టి పాలకులు తప్పుకునేవారే.

మరో సంగతి ఇంకా ముఖ్యం. పొదలు మరీ దట్టమైనా, మరీ పలచనైనా ఈ పక్షి నిలవదు. పశువుల మేత, కట్టెలు కొట్టడం కొంత మేరకు ఆ చోటును దానికి అనువుగా ఉంచుతాయని పరిశోధకులు భావించారు. జనాన్ని తరిమి కంచె వేయడమే సంరక్షణ అనే అధికారుల దృక్పథానికి ఇది గట్టి దెబ్బ. అయితే ఎంత మేత మేలు, ఎంత మేత చేటు? తేల్చాలంటే మళ్లీ ఆ మట్టి పట్టీల దగ్గరికే పోవాలి. అందుకు బడ్జెట్‌లో ఏటా ఒక పద్దు ఉండాలి.